ఓడినవాని పండుగ

లోకమున పండుగలు గెలిచినవారికే గాని ఓడినవారికి లేవు. విజయదశమి గెలుపునకు గుఱుతు. దీపావళి గెలుపునకు గుఱుతు. రావణుడు కూలెను, నరకుడు చచ్చెను, మనము దీపములు పెట్టుకొంటిమి. ఇది సహజమే. గెలిచినవాని వాకిట దీపము పెట్టుటకు ఎవరికిని ఉపదేశ మక్కఱలేదు. కాని తెలుగు పల్లెలలో ఒక్క పండుగ మాత్రము ఓడినవానికై జరుగుచున్నది. ఆ ఓడినవాడు తెలుగువాడు కాడు. మన భాష నెఱుగడు. మన నేల నెన్నడును త్రొక్కలేదు. అతడు పడిన చోటికిని మన ఊరి చావిడికిని నడుమ ఎడారులును సముద్రమును గలవు. అట్లయ్యును పీర్ల పండుగ వచ్చినదనగా ఊరిలోని పెక్కు కులములవారు కదలుదురు, గుండము త్రవ్వుదురు, మ్రొక్కులు చెల్లింతురు, కడపటి దినమున పీరులు నీటికి సాగిపోవుచుండగా ముసలివారు కన్నుల నొత్తుకొందురు.

ఈ వింతనుగూర్చి పలువురు పలువిధముల పలుకుదురు. కొందఱు దీనిని మూఢభక్తి యని త్రోసివేయుదురు. మఱికొందఱు హిందూ మహమ్మదీయ సఖ్యమునకు ఇది దృష్టాంతమని పొగడి, అంతటితో తృప్తి నొందుదురు. ఈ రెండు మాటలును విషయమును తాకకయే పోవుచున్నవి. మే మడుగు ప్రశ్న వేఱు. ఒక యుద్ధమును జ్ఞాపకముంచుకొనుట యనగా నేమి? దానిని స్మరించువాడు ఏ పక్షమును వహించినట్లు? కన్నీరు కార్చినంతమాత్రమున పక్షము వహించినట్లగునా?

ఈ ప్రశ్నను విచారించుటకు కర్నూలు మండలములోని పడమటి సీమకంటె తగినచోటు లేదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతముల ప్రజలు యుద్ధమును ఆటగా ఆడుటయందును, వ్రతముగా జరుపుటయందును ప్రసిద్ధులు. ఆస్పరి మండలమున కైరుప్పల యను గ్రామము కలదు. అచ్చట ఉగాది మఱునాడు పిడకల సమరము జరుగును. వీరభద్రస్వామియు కాళికాదేవియు ఒకరి నొకరు వలచిరనియు, స్వామి పెండ్లికి జాగుసేయగా దేవి పక్షమువారు కోపించి పిడకలతో కొట్టబోయిరనియు, స్వామి పక్షమువారు ఎదురు కొట్టిరనియు అచ్చటివారు చెప్పుకొందురు. నేటికిని ఊరివారు రెండు పక్షములై పిడకలు రాసులుగా కూర్చి రువ్వుకొందురు. తలలు పగులును. పగిలిన తలకు దేవాలయములోని విభూతి పెట్టుకొని గాయపడినవాడు నవ్వుచు ఇంటికి పోవును. పిమ్మట ఆ దేవునకును ఆ దేవికిని కల్యాణము చేసి, నిన్న కొట్టుకొన్నవారందఱు ఒక్క పందిరిక్రింద చేరుదురు.

అదే సీమలో హొళగుంద మండలమున దేవరగట్టు కలదు. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవవిగ్రహములకై కొండక్రింద పల్లెలవారు రెండు జట్లయి కఱ్ఱలతో తలపడుదురు. అచ్చట గాయములు విభూతితో మానునవి కావు. ఏటేట పెక్కుమంది ఆసుపత్రి పాలగుదురు. ప్రాణములు పోయిన సంవత్సరములును గలవు. ఈ రెంటికి తోడు ఆ పల్లెసీమలలోనే పీర్ల చావిళ్లు. పిడకల యుద్ధము పెండ్లితో ముగియును. కఱ్ఱల యుద్ధము నెత్తుటితో ముగియును. పీర్ల పండుగలో స్మరింపబడు యుద్ధమునకు ఏడ్పే గాని ముగింపు లేదు. ఒక్క ప్రజయే ఇన్ని విధముల యుద్ధమును తలచుకొనుచున్నదనగా, ఈ మూడవ తలపునందేదో ప్రత్యేకమైన ధర్మ ముండవలెను. అది తెలిసికొనవలెనన్న ఆ యుద్ధకథను మొదటినుండి చూడవలెను.

మహమ్మదు ప్రవక్త 632వ సంవత్సరమున దివంగతుడయ్యెను. అటుపిమ్మట మహమ్మదీయ సంఘమునకు నాయకు లొకరి వెనుక నొకరు వచ్చిరి. నాలుగవ ఖలీఫా ప్రవక్తకు అల్లుడగు అలీ. అతడు 661లో హత్య చేయబడెను. అలీకి ప్రవక్త కూతురగు ఫాతిమా వలన కలిగిన కొడుకులు హసను, హుసేను. తండ్రి మరణించిన పిమ్మట పెద్దవాడగు హసనునకు కూఫా నగరమువారు విధేయత చూపిరి. కాని డమాస్కసు నేలుచున్న మువావియా సేనలతో ఎదురు నిలిచెను. మహమ్మదీయులు మహమ్మదీయులను నఱకుకొను కాలమది. హసను ఆలోచించి, ఆ యేడే సంధి చేసికొని, అధికారమును వదలుకొని మదీనాకు పోయెను. తమ్ముడగు హుసేను అన్న చేసిన సంధిని మన్నించెను. అన్న కాలధర్మము నొందిన పిమ్మటగూడ, మువావియా జీవించియున్నంతకాలము, దానిని మీఱలేదు. సుమారు పందొమ్మిదేండ్లు అతడు కత్తి దూయలేదు. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొందురుగాక. ముందు దీనితో మనకు పనియున్నది.

680లో మువావియా మరణించెను. అతడు బ్రతికియుండగనే తన కొడుకగు యజీదును ఉత్తరాధికారిగా ఏర్పఱచెను. పెద్దల సమ్మతితో ఏర్పడవలసిన నాయకత్వము తండ్రినుండి కొడుకునకు దిగు ఆస్తియయ్యెను. యజీదు సింహాసన మెక్కినతోడనే మదీనాలోని హుసేనునుండి బైఅతు పుచ్చుకొనుమని ఆజ్ఞ పంపెను. బైఅతు అనగా చేతిలో చేయివేసి, నీవే నాకు ధర్మమైన ప్రభువ వని చేయు ప్రమాణము. హుసేను ఆ ప్రమాణము చేయక కుటుంబముతో మక్కాకు పోయెను. అచ్చటికి కూఫానుండి ఉత్తరములు గుంపులుగా వచ్చెను: నీవు రమ్ము, మేము నీ వెనుక నిలుతుము, అని. హుసేను తన పెదతండ్రి కొడుకగు ముస్లిము బిన్ అఖీలును ముందు పంపెను. వేలమంది అతనిచేతిలో చేయి వేసిరి. అంతలో ఉబైదుల్లా బిన్ జియాదు కూఫాకు అధికారియై వచ్చి బెదరించినంతనే ఆ చేతులన్నియు వెనుకకు పోయెను. ముస్లిము పట్టుబడి చంపబడెను. ఆ వార్త హుసేనునకు దారిలో తెలిసెను.

తరువాతి కథ చాలమంది విన్నదే. హుర్రు అను సేనాని వేయిమంది రౌతులతో వచ్చి హుసేనుదారి నరికట్టి, యూఫ్రటీసు నదికి చేరువనున్న కర్బలా బయలునకు మరల్చెను. పిమ్మట ఉమరు బిన్ సాదు అధికసేనతో వచ్చెను. ఆ సేన నాలుగువేలని చెప్పుదురు. హుసేను వెంట స్త్రీలును, బిడ్డలును, సంప్రదాయము చెప్పునట్లు 72 మంది యోధులును. మొహరము ఏడవనాటినుండి నదికి పోవు దారి మూసివేయబడెను. నది కనబడుచునే యున్నది. నీరు మాత్రము లేదు. తొమ్మిదవ రాత్రి హుసేను తనవారిని చేర్చి, దీపమార్పించి, వీరికి కావలసినవాడను నే నొక్కడనే, చీకటిలో మీరు పొండు, సిగ్గుపడ నక్కఱలేదు, అనెనని సంప్రదాయము. వారు కదలలేదు. మొహరము పదియవ దినమున, హిజరీ 61వ సంవత్సరమున, అనగా 680 అక్టోబరు 10న యుద్ధము జరిగెను. ఉదయమునుండి పొద్దువాలునంతలో హుసేను పక్షమున ఆయుధము పట్టిన వారందఱు దాదాపుగా కూలిరి. నీటికై తిత్తి గొని పోయిన తమ్ముడు అబ్బాసు నదియొద్దనే పడెను. చంకబిడ్డయగు అలీ అస్గరు తండ్రిచేతులలో బాణము తగిలి చచ్చెనని వ్రాసినారు. తుదకు హుసేనును చంపబడెను. గుడారములు దోచికొనబడెను. రోగియై పడియున్న కొడుకు జైనులాబిదీను బ్రతికెను, స్త్రీలు బందీలైరి.

ఇక విచారమునకు వత్తము. లోకజ్ఞు డొకడు ఇట్లడుగవచ్చును: హుసేను చేసినది వివేకమా? ఒక్కమాట యనినచో ఆడువారికిని బిడ్డలకును ఆ దుర్గతి రాకపోవునే! మనసులో నేమున్నను పైకి సరే యనుట నిత్యము మనము చేయు పనియే కదా! ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. బిడ్డలు దప్పికతో నేడ్చుచుండగా పట్టుదల మెచ్చదగినదని మేము తొందరపడి చెప్పజాలము. పట్టుదలయే ధర్మమైనచో దుర్యోధనునికంటె ధర్మాత్ముడు లేడు.

దీనికి సమాధానము అన్నదమ్ము లిద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన దొరకును. అన్న సంధి చేసెను, తమ్ముడు చేయలేదు. ఒకడు పిఱికి, ఒకడు వీరుడు అని తీర్పు చెప్పువారు కథను సగమే చదివినవారు. హసను వదలుకొన్నది అధికారము. అధికారము ఒకవిధమైన ఆస్తి. రక్తపాతము తప్పుననిన దానిని వదలుకొనవచ్చును. వదలుకొనుట ఒక్కొక్కప్పుడు గొప్ప. హుసేనును యజీదు అడిగినది ఆస్తి కాదు. హుసేనునొద్ద రాజ్యము లేదు, సేన లేదు, ధనాగారము లేదు. యజీదునకు అవి యన్నియు నుండెను. లేనిది ఒక్కటే, తన యేలుబడి ధర్మమని ధర్మాత్ముడు చెప్పుట. ఆ యొక్కదానికొఱకే ఆజ్ఞలును, సేనలును, నదికి కావలియును.

దీనిని మన ఊరి వ్యవహారములోనికి తెచ్చి చూతము. ఒక బలవంతుడు దిక్కులేని విధవ భూమి నాక్రమించెననుకొందము. ఊరివారు ఎదిరింపలేకపోయిరి. ఇది దుర్బలత, క్షమింపదగినది. పిమ్మట ఆ బలవంతుడు ఒక దస్తావేజు వ్రాయించి, ఆమె తానై అమ్మినదని అందు ఎక్కించి, ఊరిలో నమ్మకస్థుడని పేరుగన్న యొకని పిలిచి, సాక్షిసంతకము చేయుమనెను. ఇప్పు డడిగినది వేఱు. భూమిని బలముతో తీసికొనవచ్చును. సంతకమును మాత్రము చేయువాడు ఇచ్చిననే గాని తీసికొనరాదు. అన్యాయమును సహించువాడు దుఃఖితుడు. దానిని న్యాయమని వ్రాసి యిచ్చువాడు అందులో పాలివాడు. సంధికిని సమ్మతికిని ఇదియే భేదము. బలవంతునకు దారి యిచ్చి తొలగుట సంధి. బలమే ధర్మమని ఒప్పుకొనుట సమ్మతి. హసను చేసినది మొదటిది. హుసేను నిరాకరించినది రెండవది. అందుచేతనే మన పల్లెవారు ఆ యన్నదమ్ము లిద్దఱి పేర్లను విడదీయక ఒక్క నోట పిలుచుచున్నారు. వారెఱిగి చేసినను ఎఱుగక చేసినను అందులో న్యాయమున్నది. తొలగవలసినప్పుడు తొలగుటయు, నిలువవలసినప్పుడు నిలుచుటయు ఒక్క ఇంటి ధర్మములే.

అవతలి పక్షమునుగూడ విచారింపవలెను. ఏలయనగా మనలో పెక్కుమందికి బంధుత్వము ఆ పక్షముతోనే. సేనానియైన ఉమరు బిన్ సాదు పుట్టుక్రూరుడు కాడు. ప్రవక్తవెంట పోరాడి ప్రసిద్ధుడైన సాదు బిన్ అబీ వఖ్ఖాసు కొడుకు. హుసేనుపై కత్తి యెత్తుట పాపమని అతడెఱుగును. కాని అతనికి రయ్యి రాష్ట్రపు అధికారము వాగ్దానము చేయబడియుండెను. ఈ పని చేయనిచో ఆ యుద్యోగము లేదని ఉబైదుల్లా చెప్పెను. అతడొక రాత్రి గడువడిగెనని చరిత్రకారులు వ్రాసినారు. ఆ రాత్రి యతని మనసున జరిగినది కూడ ఒక యుద్ధమే. తెల్లవాఱునప్పటికి ఉద్యోగము గెలిచెను. ఆ యుద్యోగము అతనికి దక్కలేదు. 686లో ముఖ్తారు మనుష్యులచేతిలో అతడు చచ్చెను. దక్కియున్నను మా మాట మాఱదు. ఉద్యోగము పోవునని, బదిలీయగునని, కొడుకు పని చెడునని, ఎఱిగి యెఱిగి తప్పుపక్షమున నిలుచు సజ్జనులకు అతడే మూలపురుషుడు. ప్రపంచమున జరిగిన ఘోరములలో క్రూరులు చేసినవి కొన్ని. ఒక రాత్రి గడువడిగిన మంచివారు చేసినవే పెక్కు.

ఇక కూఫావారు. వారి హృదయములు హుసేనువైపున, కత్తులు యజీదువైపున ఉండెనని ఆనాడే యనుకొనిరి. వారు హుసేనును ద్వేషింపలేదు; ప్రేమించిరి. ఉత్తరములు వ్రాసినది ప్రేమతోడనే. ఆపద వచ్చినప్పుడు తలుపులు మూసికొనినది భయముతో. అతడు చచ్చిన పిమ్మట వారికి పశ్చాత్తాపము కలిగెను. ఉత్తరములు వ్రాసినవారిలో నొకడగు సులేమాను బిన్ సురదు నాయకుడుగా, పశ్చాత్తప్తులని పేరు పెట్టుకొని వేలమంది బయలుదేరి, 685వ సంవత్సరారంభమున ఐనుల్ వర్దాయొద్ద డమాస్కసు సేనతో పోరాడి మడిసిరి. వారి ప్రాణత్యాగము నిజమైనది. దానిని మేము చిన్నబుచ్చము. కాని ఆ త్యాగమువలన కర్బలాలో దప్పిగొన్న బిడ్డకు ఒక్క గుక్కెడు నీరు పోలేదు. సమయమున చేసిన చిన్నపని, సమయము దాటిన పిమ్మట చేసిన పెద్దపనికంటె గొప్పది.

ఈ మాటకు హుర్రే సాక్షి. అతడే హుసేను దారి నడ్డగించినవాడు. యుద్ధమునాటి ఉదయమున అతడు గుఱ్ఱమును అదలించి తన సేననుండి హుసేను పక్షమునకు వచ్చి, తప్పు ఒప్పుకొని, ఆ పక్షమున పోరాడి చచ్చెను. ఆనాటి యుద్ధఫలము అతనివలన మాఱలేదు. నాలుగువేలలో ఒకడు తగ్గిన నేమి! అయినను పదుమూడు శతాబ్దములు గడచిన పిమ్మటను అతనిపేరు మిగిలినది. ఆలస్యమైనదిగదా, ఇక మాఱి యేమి లాభమని యనుకొనువారికి అతని జీవితము ప్రత్యుత్తరము.

స్త్రీలనుగూర్చి చెప్పక ఈ కథను ముగింపరాదు. గెలిచినవారు హుసేను శిరస్సును, బందీలను కూఫాకును, అటనుండి డమాస్కసునకును కొనిపోయిరి. వారిలో హుసేను చెల్లెలు జైనబు ఉండెను. ఆమె బిడ్డలు యుద్ధమున కూలిరి. ఆమెకు రాజ్యము లేదు, ఆయుధము లేదు, మగదిక్కుగా రోగియైన యొక యువకుడు తప్ప లేడు. నిండుకొలువులో ఆమె యజీదునకు ఎదురుగా నిలిచి, జరిగినదానిని జరిగినట్లు చెప్పెను. కర్బలాలో యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలినది ఒక్క ప్రశ్న: ఈ కథను ఎవరు చెప్పుదురు? గెలిచినవాడు చెప్పినచో అది ఒక తిరుగుబాటును అణచిన వార్త. జైనబు చెప్పినందున అది ధర్మకథయయ్యెను. ఆడువారికి విద్య యేల, సభలో మాటయేల యని యింకను అడుగువారు మన యిండ్లలో గలరు. ఒక స్త్రీ నోరు విప్పకున్నచో ఈ పండుగయే లేదని వారికి చెప్పవలెను. ఓడినవారు సమూలముగ నశింపకుండ కాపాడునది జ్ఞాపకము. మన సంసారములలో జ్ఞాపకమును కాపాడువారు స్త్రీలు.

ఆ కథ మన సీమకు వచ్చిన త్రోవ తెలిసినదే. దక్కనును ఏలిన సులతానులలో గోలకొండ కుతుబ్‌షాహీలు షియాలు; బిజాపురపు ఆదిల్‌షాహీలలోను పెక్కురు షియాలు. హైదరాబాదున మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానా నేటికిని నిలిచియున్నది. 1565లో విజయనగరము కూలిన పిమ్మట ఆదోని బిజాపురమువారి కధీనమయ్యెను. 17వ శతాబ్దమున అచ్చటి యధికారి సిద్ది మసూదు ఖాను కట్టించిన జామియా మసీదు ఆ కాలమునకు గుఱుతు. రాజులు పోయిరి. ఆదోని కుంపిణీ చేతికి వచ్చెను, బళ్ళారి జిల్లాలో చేరెను, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలులో కలసెను. ప్రభుత్వములు మాఱినను చావిళ్లలోని పీరులు మాఱలేదు. హుసేనప్ప, పీరప్ప, దస్తగిరి, మస్తానయ్య అను పేర్లు హిందువుల యిండ్లలోను వినబడుచున్నవి. అనంతపురము మండలమున గూగూడు కుళ్ళాయిస్వామి పీరునొద్దకు మొహరమునాడు లక్షలమంది పోవుచున్నారు. శాస్త్రమెఱిగిన మహమ్మదీయులు కొందఱు గుండము త్రొక్కుట మతసమ్మతము కాదందురు. హిందువులు కొందఱు ఇది మనది కాదందురు. ఇద్దఱి మాటలకును ఆ పల్లెవాసి చెవి యొగ్గలేదు. దుఃఖమునకు అతడు గోత్ర మడుగలేదు.

ఆ పల్లెవాసికి ఈ కథ అంత దగ్గఱగా తోచుటకు కారణము వెదకినచో, అది నీరని మాకు తోచుచున్నది. కత్తిపోటు నెఱిగినవారు అరుదు; దప్పిక నెఱుగనివారు ఆ సీమలో లేరు. ఆలూరు, ఆస్పరి, ఆదోని పల్లెలు వానకై యాకాశమును చూచు పల్లెలు. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్ళారి మండలములు పడిన పాట్లు మనుమలకు తాతలు చెప్పిన కథలయ్యెను. తుంగభద్ర దిగువ కాలువ వచ్చిన పిమ్మటను ఆ నీరు సోకని పొలములు పెక్కు. బిందె తలకెత్తుకొని దూరము నడచిన ఆడువారు పెక్కురు. పంట పోయిన యేడు మూటముల్లె కట్టుకొని గుంటూరు మిరపతోటలకు వలసపోవు కుటుంబములు పెక్కు. నది కనబడుచుండగా నీరు దొరకని బిడ్డ కథ ఇట్టివారి గుండెను తాకక పోదు. పండుగనాడు చక్కెర నీరును, పానకమును పంచిపెట్టుట ఆ దప్పికకు చేయు ఉపచారమే.

ఇచ్చటనే మా ప్రశ్న మరల తలయెత్తుచున్నది. హుసేను దప్పికకు కన్నీరు కార్చిన ఊళ్ళలోనే, తరతరములుగా కొన్ని కులములవారు ఊరిబావి గట్టెక్కరాదను కట్టుబాటు నడచెను. వారు గట్టుక్రింద బిందె పెట్టుకొని, పైనున్నవారు దయదలచి పోసిన నీటికై కనిపెట్టుకొని యుండవలసివచ్చెను. 1927లో మహాడు చెరువునుండి నీరు త్రాగుటకై అంబేడ్కరు వేలమందిని వెంటగొని పోవలసివచ్చినదనగా, ఇది ఒక్క సీమ పాపము కాదు, దేశపు పాపమే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానికి శిక్షాశాసనము వచ్చెను. శాసనము వచ్చినంతనే మనసు మాఱలేదు. ఆ పిమ్మట చాల యేండ్లవఱకు పల్లెల టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడచినదని మన మెఱుగనిదా?

చదువరులారా, కర్బలాలో నదికి కావలి కాచినవాడెవడు? అతనిపేరు మనకు అక్కఱలేదు; అతని పనిని చూతము. నీరున్నది, త్రాగువాడున్నాడు, నడుమ ఒకడు నిలిచి, నీకు లేదు పొమ్మనెను. అదే పని చేయుచు, ఏడాదికొకమాఱు పీరుముందు మోకరిల్లి యేడ్చువాడు ఏ పక్షపువాడు? అతని హృదయము హుసేనువైపున నున్నది, చేయి నదికి కావలి కాచుచున్నది. కూఫావారిని మనము నిందించుట సులభము. వారి యూరు మన యూరినుండి అంత దూరములేదు.

స్మరణమువలన ఇంకొక యపాయము గలదు. అన్యాయమును తలచి తలచి పగను పెంచుకొనువారు గలరు. తాతకు జరిగినదానికి మనుమని పొరుగువానిని కొట్టుట వీరధర్మమని తలచు జాతులు ప్రపంచమున చాల కలవు. కర్బలా పేరిటనే మహమ్మదీయులలోని రెండు తెగలు పలుచోట్ల కలహించినవి. ఇట్టి స్మరణము దేవరగట్టు కఱ్ఱవంటిది. ఏటేట తల పగులును, ఏటేట క్రొత్త లెక్క మిగులును. మన పల్లెల పీర్ల పండుగలో మెచ్చదగిన గుణమేమన, అందు దుఃఖమునకు చోటు కలదు గాని పొరుగువానిపై పగకు చోటు లేదు. ఇచ్చట కైరుప్పలవారి పిడకలుకూడ మనకొక పాఠము చెప్పుచున్నవి. కొట్టుకొన్న రెండు పక్షములును రేపు ఒక్క ఊరిలోనే బ్రతుకవలెనని వారెఱుగుదురు. కనుకనే యుద్ధమునకు కల్యాణమును ముడిపెట్టినారు. కాని ఆ పాఠమునకు ఒక హద్దు కలదు. వీరభద్రునకును కాళికకును నడుమనున్నది ప్రణయకలహము. అది పెండ్లితో తీఱును. దప్పిగొన్నవానికిని నీరు మూసినవానికిని నడుమనున్నది అట్టిది కాదు. అది నీటిదారి తెఱచిననే గాని తీఱదు. తెఱవకమున్నే సఖ్యమని పాడువారు హుసేనును బైఅతు చేయుమన్నవారివంటివారు. తెఱచిన పిమ్మటను పగ విడువనివారు కఱ్ఱ దింపనివారు.

కాబట్టి స్మరణము ధర్మమగుటకు రెండు నియమములు కావలెనని మా తలంపు. ఒకటి, తలచుకొను అన్యాయము నేడు మన చేతిమీదుగా జరుగుచున్నదేమో చూచుకొనుట. రెండు, దానిని సరిచేయుట మన వంతునకు వచ్చినప్పుడు గడువడుగకుండుట. ఈ రెండు లేని కన్నీరు కన్నులను కడుగును గాని చేతులను కడుగదు.

గృహస్థులు దీనికై గొప్ప పనులు చేయ నక్కఱలేదు. మొహరము వచ్చినప్పుడు డప్పుల మ్రోతలోను, కల్లుకుండల సందడిలోను కథ మఱుగుపడనీయక, హసను ఎందుకు తొలగెనో, హుసేను ఎందుకు తొలగలేదో, జైనబు ఏమి చేసెనో బిడ్డలకు చెప్పవలెను. పిల్లవాడు రేపు పెద్దవాడై తప్పుడు కాగితముముందు కలము పట్టుకొని కూర్చుండు దినము రాకపోదు. ఆనాడు ఈ కథ వానికి పనికివచ్చును. పానకము పంచునప్పుడు ఒక్క కడవనుండి, ఒక్క విధమైన గ్లాసుతో, ముందు వచ్చినవానికి ముందుగా, కులమడుగక పోయవలెను. పండుగనాడు మాత్రమే కాక, మఱునాడుకూడ మన వాకిట నీరడిగినవానికి అట్లే పోయవలెను. ఎండలో పని చేసి వచ్చిన కూలివానికి వేఱుగా దాచిన గ్లాసు మన యింటి గూటిలో ఇంకను ఉన్నదేమో నేడే చూచికొని, ఉన్నచో దానిని తీసివేసి, మనము త్రాగు గ్లాసుతోడనే అతనికి నీరీయవలెను.